చేశాడు, చేశాడట



కోవిల్‌పట్టిలో పొద్దున్నే రైలెక్కితే సాత్తూరు మీదుగా విరుదునగర్ గంటలోపే వచ్చేస్తుంది. కిటికీ బయట నల్లరేగడి, సర్కారు తుమ్మ, అగ్గిపెట్టెల కార్ఖానాల రేకుల కప్పులు. సాత్తూరులో కారాసేవు అమ్మేవాళ్ళు ఎక్కుతారు. ఒకరోజు ఆ రైల్లో మా మేనకోడలు తన ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టి, "మామా, పోలీసులు వాణ్ణి ఏం చేస్తున్నారో విని చెప్పు" అంది. ఒక ఆడగొంతు పలికింది: "డె పొలీట్సీ హౌట్ హెమ్..." అక్కడ ఆపేసింది.

"హౌట్ అంటే పట్టుకోవడం. వాణ్ణి పట్టుకుంటున్నారు" అన్నాను, పది రోజుల పాండిత్యంతో.

"ఇంకా వాక్యం అవలేదు మామా."

మిగిలిన ముక్క ఒక్కటే. "ఆన్". ఆ ఆన్ చివర వస్తే అరెస్టు చేయడం. దాని బదులు "టేఖెన్" వస్తే అడ్డుకోవడం. "ఫాస్ట్" వస్తే వదలకుండా గట్టిగా పట్టుకోవడం. "ఇన్ డె ఖాటెన్" వస్తే ముట్టుకోకుండా దూరం నుంచి కనిపెట్టి ఉండడం. ఇక "హెమ్" కంటే ముందే "ఫన్" వచ్చిందా, పోలీసులు వాణ్ణి ప్రేమిస్తున్నారని అర్థం. నేను ఇదంతా ఎదుటి సీటాయనకు తమిళంలో చెబితే, ఆయన కారాసేవు నములుతూ, "అరెస్టుకీ ప్రేమకీ అంత తేడా ఏముందిలెండి" అన్నాడు. పెళ్ళయినవాడే అయి ఉంటాడు.

నేను ఉద్యోగరీత్యా కోర్టు గుమాస్తాని. రిటైరై ఆరేళ్ళయింది. మా మేనకోడలు విరుదునగర్ పిల్ల, నేరశాస్త్రం విద్యార్థిని. క్రిమినాలజీ అంటేనే మీకు సులువుగా తెలుస్తుందేమో. పై చదువుకు నెదర్లాండ్స్ వెళ్ళాలని దాని పట్టుదల. అక్కడ ఎమ్మే పాఠాలు ఇంగ్లీషులోనే దొరుకుతాయి. కానీ జైల్లో ఉన్నవాడితో, దెబ్బ తిన్న ఇంటివాళ్ళతో, వీధి చివర నిలబడిన కుర్రాడితో మాట్లాడాలంటే డచ్చి రావాలి. అదీ తరగతి గదిలో పలికే డచ్చి కాదు, నోట్లో నలిగే డచ్చి. వాళ్ళ కొలతలో బి-1, మధ్యస్థాయి. ఆ స్థాయికి అక్కడ ప్రభుత్వ పరీక్ష ఉంది. మాట్లాడే పరీక్షలో ఎదురుగా మనిషి ఉండడు. తలకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కంప్యూటరుకు జవాబు చెప్పాలి. అందుకే అది ఇంట్లో కనిపించిన ప్రతి మనిషితోనూ సాధన చేస్తోంది. అలా నేనూ ఇరుక్కున్నాను.

మొదట నాకు ఆశ్చర్యం వేసింది. మూడు భాషలతో బతికే వాళ్ళం, నాలుగోది ఎందుకు అని. మాది కోవిల్‌పట్టి పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడడమే గానీ రాయడం మా పెద్దలెవరికీ రాదు. నేను ఉద్యోగంలో చేరాక చందమామ ముందు పెట్టుకుని అక్షరాలు దిద్దుకున్నాను. మా వైపు ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌దీ తెలుగిల్లే. రాసిందంతా తమిళంలో. 1991లో ఆయనకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగునాట నుంచి కట్టుబట్టలతో వచ్చి ఈ కరిసల్ నేలలో, అంటే నల్లరేగడిలో, ఊరు కట్టుకున్న వాళ్ళ కథ ఆయన 'గోపల్ల గ్రామం'. మేం ఇంట్లో మాట్లాడే మాటను ఆయన తమిళ అక్షరాల్లో దాచి పెట్టాడని నాకనిపిస్తుంది. మాట ఒక భాషలో, కాగితం మరో భాషలో. మా బతుకంతా అదే. కోర్టు కూడా అదే.

మా పిల్ల ఈ చదువు ఎందుకు ఎంచుకుందో చెప్పాలి. 2020 జూన్‌లో లాక్‌డౌన్ రోజులు. సాత్తాన్‌కుళంలో దుకాణం మూయడం ఆలస్యమైందంటూ ఒక తండ్రినీ కొడుకునూ పోలీసులు తీసుకువెళ్ళారు. తర్వాత కోవిల్‌పట్టి సబ్‌జైలుకు పంపారు. కొన్ని గంటల తేడాలో ఇద్దరూ మా ఊరి ప్రభుత్వాసుపత్రిలోనే చనిపోయారు. మా ఊరి పేరు దేశమంతా విన్నది అప్పుడే. కడలై మిఠాయికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని అదే ఏడాది సంబరపడిన ఊరు, ఆ వారం తలుపులేసుకుని కూర్చుంది. మదురై హైకోర్టు బెంచి తనంతట తానే కేసు చేపట్టి, కోవిల్‌పట్టి మేజిస్ట్రేటును సాత్తాన్‌కుళం స్టేషనుకు విచారణకు పంపింది. అక్కడ ఒక మహిళా హెడ్ కానిస్టేబులు నోరు విప్పింది. రాత్రంతా కొట్టారని చెప్పింది. చెప్పింది గానీ, సంతకం పెట్టడానికి జంకింది. చుట్టూ తన తోటి పోలీసులే. మేజిస్ట్రేటు తన నివేదికలో ఆ భయాన్నీ రాశారు.

అప్పుడు ఇంటర్ చదువుతున్న మా పిల్ల నన్ను అడిగిన ప్రశ్న ఇది: "మామా, ఆమె నోటి మాటకీ ఆ సంతకానికీ మధ్య ఎంత దూరం?" ముప్పై ఏళ్ళు ఆ దూరం మీదే జీతం తీసుకున్నవాణ్ణి. జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు డచ్చి భాషలోకి వస్తాను. భాష నేర్చుకోవడంలో మొదటి మెట్టు పేర్లు: నీళ్ళు, రొట్టె, రైలు, ఎంత. పై మెట్టు పుస్తకాలు. నడిమి మెట్టే చిక్కు. అక్కడ నేర్చుకోవాల్సింది కొత్త మాటలు కావు, మాటల చివర తగులుకునే చిల్లర. మన "కదా", "లే", "మరి", "సుమా", "ట". నిఘంటువులో వీటికి ఎదురుగా ఏదో ఒకటి రాసి ఉంటుంది, దాంతో పని జరగదు.

డచ్చివాళ్ళ "టొఖ్" చూడండి. దాదాపు మన "కదా". "నువ్వు అక్కడ ఉన్నావు" అంటే ఒక సంగతి. "నువ్వు అక్కడ ఉన్నావు కదా" అంటే జవాబు చేతిలో పెట్టి అడగడం. 1872 నాటి సాక్ష్య చట్టం 141వ సెక్షను సూచక ప్రశ్న అని దేన్నన్నదో, ఆ సెక్షను మొత్తం తెలుగులో ఒక్క "కదా". మన సాక్షిని మనమే అలా అడిగితే ఎదుటి వకీలు లేస్తాడు. అవతలి సాక్షినైతే అడగవచ్చు. డచ్చిలో అడిగే గొంతులో "టొఖ్" వినపడిందా లేదా అన్నది పట్టుకోలేని విద్యార్థి, పోలీసు ప్రశ్న అడిగాడో జవాబు అందించాడో చెప్పలేడు. కాగితం మీద "టొఖ్" ఉండదు. రాసేవాడు ముందుగా ఊడ్చేసేది దాన్నే. ఆ ఊడ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

"హోర్" మరో చిత్రం. "యా హోర్" అంటే మన "ఆఁ లే". "నే హోర్" అంటే "లేదులే". అసలు అర్థం "విను". ఆ ధాతువు నుంచే వచ్చింది "ఫెర్‌హోర్", అంటే పోలీసు విచారణ. మన భాషల్లో విచారణ అంటే అడగడం, ఆలోచించడం. వాళ్ళ మాటలో మాత్రం వినడం ఉంది. మాటలో ఉన్నంత మాత్రాన గదిలో ఉంటుందని కాదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

నేరాన్ని ఒప్పుకోవడం "బెకెన్నెన్", కాదనడం "ఒంట్‌కెన్నెన్". రెంటిలోనూ నడుమ ఉన్నది "తెలియడం". బాధితుడికి మాట "స్లఖ్ట్‌ఒఫర్". విడదీస్తే కోతకు ఇచ్చిన నైవేద్యం, అచ్చంగా బలి. మా అవ్వ కూడా పేపర్లో యాక్సిడెంటు చదివి వినిపిస్తే "అయ్యో, బలైపోయినాడే" అనే అంటుంది. ఈ మాట మా పిల్ల ఒక్కసారి వినగానే పట్టేసింది, ఫ్లాష్ కార్డు అవసరం లేకపోయింది. ఇంకొకటి "ఖెదోఖెన్". దీనికి ఇంగ్లీషులో సరైన మాట దొరక్క పుస్తకాలవాళ్ళు పేరాలు రాస్తారు. అక్కడ కాఫీ షాపు అన్న బోర్డు కింద గంజాయి అమ్ముతారు. చట్టంలో నేరమే. మనిషికి ఐదు గ్రాములు మించకపోతే, ఇంకొన్ని షరతులు పాటిస్తే, ప్రభుత్వం కేసు పెట్టదు. చాటుగా కాదు, అదే విధానమని ప్రకటించి మరీ పెట్టదు. తెలుగులో ఎంత సులువు! చూసీచూడనట్టు పోవడం. కాకపోతే మనం చూసీచూడనట్టు పోతే దానికి జీవో ఉండదు.

ఉచ్చారణ గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, రేడియోలో గొంతు గీరుకుంటే మీకు ఇబ్బంది. వాళ్ళ "గ" గొంతు లోపలి నుంచి గరగరమంటుంది. తెలుగువాళ్ళకు కష్టమే గానీ తమిళం విన్న చెవికి కొంత నయం. మాటల నడుమ తమిళ "క" మెత్తబడి "హ" దరిదాపుకు పోతుంది కదా, అక్కడి నుంచి ఇంకొంచెం వెనక్కి జరగాలి. స్ఖేవెనింగెన్ అని హేగ్ పక్కన సముద్రపు ఊరు ఒకటుంది. యుద్ధకాలంలో ఆ పేరు పలికించి జర్మన్లను పట్టేవాళ్ళని చెప్పుకుంటారు. ఇప్పుడు అంతర్జాతీయ న్యాయస్థానాల ముద్దాయిలను ఉంచే జైలు ఉన్నది ఆ ఊళ్ళోనే.

అన్నిటికంటే నన్ను కుదిపింది "జౌ". పేపర్లో నేర వార్త వస్తే డచ్చివాళ్ళు "వాడు డబ్బు దొంగిలించాడు" అనరు. "హై జౌ హెట్ ఖెల్ట్ ఖెస్టోలెన్ హెబ్బెన్" అంటారు. ఇంగ్లీషులో దీనికి పెద్ద మాట తేవాలి. తమిళంలో చివర ఒక "ఆమ్". తెలుగులో ఒక్క అక్షరం: దొంగిలించాడట. మా యాసలో దొంగిలించినాడంట.

ఆ అక్షరంతో నాకు ఒక పాత బాకీ ఉంది. ఏ కోర్టో, ఏ ఏడో చెప్పను. గొర్రెల దొంగతనం కేసు. సాక్షి ఒక పల్లెటూరి ముసలామె, తెలుగు తప్ప రాదు. కోర్టు భాష తమిళం. తెలుగు వచ్చిన గుమాస్తాని నేనే కాబట్టి నన్ను నిలబెట్టి చెప్పించారు. ఆమె అంది, "ఆ రాత్రి వీడు దొడ్డి కాడికి వచ్చినాడంట" అని. నేను తమిళంలో "వందాన్" అన్నాను. వచ్చాడు. టైపిస్టు కొట్టేశాడు. క్రాస్‌లో వకీలు అడిగాడు: "చీకట్లో నువ్వెట్లా చూశావు?" ఆమె బిత్తరపోయి, "నేను చూసినానని ఎప్పుడన్నాను సామీ?" అంది. మాట మార్చిన సాక్షి అని ఆమెకు పేరు పడింది. మార్చింది ఆమె కాదు. బోను దిగుతూ ఆమె నా వైపు చూసిన చూపు, ఎడమ చేతిలో నలిపేస్తున్న ఆ కొంగు చివర, ఇప్పటికీ కనిపిస్తాయి. లేచి చెప్పాల్సింది. ఉద్యోగం కొత్త, నోరు లేవలేదు.

మన చట్టం ఈ విషయంలో కచ్చితంగానే ఉంది. పాత సాక్ష్య చట్టం 60వ సెక్షను ప్రకారం చూసిందైతే చూసినవాడే చెప్పాలి, విన్నదైతే విన్నవాడే చెప్పాలి. "అట"కు బోనులో చోటు లేదు, కొన్ని మినహాయింపులు తప్ప. నెదర్లాండ్స్‌లో అలా కాదు. 1926లో వాళ్ళ సుప్రీంకోర్టు, ఒకడు ఇంకొకడి నుంచి విన్నానని చెప్పిన మాటను కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని తేల్చింది. జ్యూరీ లేదు. నెపోలియన్ ఏలుబడిలో రెండు మూడేళ్ళు ఉండి, ఆ తర్వాత పోయింది. సాక్షులు చాలామంది కోర్టుకే రారు. పోలీసు రాసిన "ప్రొసెస్ ఫెర్‌బాల్" అన్న కాగితం వాళ్ళ తరఫున వస్తుంది. జడ్జీలు ఫైలు చదువుతారు. అలాంటి చోట "జౌ" ఎక్కడుంది, ఎక్కడ రాలిపోయింది అన్నది చూడడం నేరశాస్త్రం చదివేవాళ్ళకు వ్యాకరణం ముచ్చట కాదు. ఈ మాట మా పిల్లతో అంటే, "నీ ముసలమ్మ అక్కడ ఉంటే బతికిపోయేది మామా" అంది. నాకలా అనిపించలేదు. అక్కడైతే నేను రాసిన కాగితమే కోర్టుకు వెళ్ళేది, ఆమె వెళ్ళేది కాదు.

విచారణ గది సంగతికి వస్తానన్నాను. 2000లో స్ఖీడామ్ అనే ఊరి పార్కులో ఒక పదేళ్ళ పాపను చంపేశారు. ఆమెతో ఉన్న పిల్లవాడు గాయాలతో బయటపడ్డాడు. సాయానికి ఫోన్ చేసిన మనిషి మీదికే అనుమానం పోయింది. పోలీసుల ఒత్తిడిలో ఆయన ఒప్పుకున్నాడు, వెంటనే కాదన్నాడు. బెకెన్నెన్, ఒంట్‌కెన్నెన్. హంతకుడి పోలికలు ఆ పిల్లవాడు చెబుతూనే ఉన్నాడు, అవి ఈయనకు కుదరలేదు. పిల్లవాణ్ణే నమ్మలేదు. శిక్ష పడింది. 2004లో మరొకడు తానే చంపానని చెప్పేదాకా ఆయన లోపలే ఉన్నాడు. మరుసటి ఏడాది వచ్చిన విచారణ నివేదిక తర్వాత, పెద్ద నేరాల్లో పోలీసు ప్రశ్నలను వీడియోలో నమోదు చేయాలన్న ఏర్పాటు వచ్చింది. మన సుప్రీంకోర్టు కూడా 2020 డిసెంబరులో, ప్రతి పోలీసు స్టేషనులో మాట సైతం నమోదయ్యే కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. మా సాత్తాన్‌కుళంలో కెమెరా లేకపోలేదు, అందులో దృశ్యాలు నిలవలేదు.

రికార్డింగు ఉంటే సరిపోతుందా? వినేవాడికి "టొఖ్" వినపడాలి కదా. చూశారా, నేనూ "కదా" అన్నాను.

డచ్చి భాష మాకు అంత పరాయిదేం కాదన్నది నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతి. కోవిల్‌పట్టి నుంచి తూత్తుకుడి బస్సులో పోయేంత దూరం. 1658లో పోర్చుగీసు వాళ్ళ నుంచి డచ్చి కంపెనీ దాన్ని తీసుకుంది. నడుమ ఇంగ్లీషువాళ్ళు ఆక్రమించుకున్నా, చివరికి వదిలిపెట్టింది 1825లో. వాళ్ళు 1750లో కట్టిన చర్చి ఇప్పటికీ ఉంది. మీ మచిలీపట్నంలో వలందపాలెం ఉంది కదా, ఆ వలందులు వీళ్ళే. 1605లో అక్కడ కోఠీ పెట్టినవాళ్ళు. వాళ్ళు తమిళానికీ తెలుగుకూ ఇచ్చిపోయిన ఒక మాట మాత్రం ఆకాశవాణిలో విడమర్చి చెప్పలేను. కక్కసు. "కక్‌హౌస్" నుంచి వచ్చింది. హౌస్ అంటే ఇల్లు, మొదటి ముక్క మీరే ఊహించుకోండి.

ఆన్‌లైనులో పాఠం చెప్పే డచ్చి ఆవిడ మా పిల్లను ఒకసారి ఆశ్చర్యంగా అడిగిందట: "మీ ఓడరేవుకు ఇంకా వి.ఓ.సి. అనే పేరెందుకు ఉంచుకున్నారు?" వాళ్ళ ఈస్టిండియా కంపెనీ పొడి అక్షరాలు అవే. మా పిల్ల నవ్వి చెప్పింది, ఇది ఆ వి.ఓ.సి. కాదు, చిదంబరం పిళ్ళై అని. మా పక్క ఓట్టపిడారంలో 1872లో పుట్టిన మనిషి. 1906లో తెల్లవాళ్ళ ఓడలకు పోటీగా స్వదేశీ ఓడల కంపెనీ పెట్టాడు. 1908లో రాజద్రోహం కింద యావజ్జీవం వేస్తే కోయంబత్తూరు జైల్లో గానుగ లాగాడు. బయటికొచ్చాక కొన్నేళ్ళు మా కోవిల్‌పట్టిలోనే వకీలుగా ఉన్నాడు. ఇదంతా డచ్చిలో, ఆగకుండా ఐదు నిమిషాలు చెప్పింది. మధ్యస్థాయి వచ్చిందని ఆ రోజు నేను నమ్మాను. వాళ్ళ టీచరు మాత్రం ఎక్కడా ఒక్క "హోర్" పడలేదని మార్కులు తగ్గించింది.

పోయిన నెల మా ఇంటికొచ్చినప్పుడు వంటింటి గడపలో కూర్చుని, విచారణకు ముందు అక్కడి పోలీసు ముద్దాయికి తప్పనిసరిగా చెప్పాల్సిన వాక్యం సాధన చేస్తోంది. "ఊ బెంట్ నీట్ టొట్ ఆంట్‌వోర్డెన్ ఫెర్‌ప్లిఖ్ట్." చివరి మాట గొంతులో అడ్డం పడి మళ్ళీ మళ్ళీ అంటోంది. మా అవ్వ, తొంభై దాటిన మనిషి, వేరుశనక్కాయలు ఒలుస్తూ వింటోంది.

"ఏమంటుండావే?"

"పోలీసోళ్ళు అడిగినా మనం జవాబు చెప్పాల్సిన పని లేదంట అవ్వా."

అవ్వ చేతిలో కాయ చిట్లింది. పప్పు చేటలో వేసి, తొక్క పక్కన పడేసి, తలెత్తకుండానే అడిగింది.

"లేదంటనా, లేదా?"